వేసవి పని జూన్‌లో ఆగకపోతే

అంతర్వేది పల్లిపాలెంలో జూన్ రెండో వారం హడావిడిగా ఉంటుంది. ఏప్రిల్ 15న మొదలైన వేట నిషేధం 61 రోజులు గడిచి జూన్ 14 అర్ధరాత్రితో ముగుస్తుంది. వలలు బాగుచేసుకోవడం, ఇంజన్లు విప్పి చూసుకోవడం, డీజిలు, ఐసు, బియ్యం, మంచినీళ్లు బోటెక్కించడం, ఎవరికీ తీరిక ఉండదు. సరిగ్గా ఆ వారంలోనే, మామూలుగా జూన్ 12న, బళ్లు తెరుస్తారు. ప్రపంచ బాలకార్మిక వ్యతిరేక దినం కూడా జూన్ 12నే. ఎవరూ కావాలని కలపలేదు గానీ మూడూ ఒకచోట పడ్డాయి. రెండు నెలలుగా నాన్న పక్కన వలల దగ్గర కూర్చున్న ఆరో తరగతి కుర్రాడు ఆ వారం సంచి తగిలించుకుని బడికి వెళతాడా, లేక "మొదటి వేట కదా, చెయ్యిసాయం కావాలి, వచ్చే వారం నుంచి వెళుదువుగానిలే" అన్న మాటతో రేవులోనే ఉండిపోతాడా అన్నది అప్పుడే తేలుతుంది.

ఏ తల్లీ తండ్రీ కూర్చుని, ఆలోచించి, "వీణ్ణి బడి మాన్పించేద్దాం" అనుకోరు. ఒక వారం వాయిదా పడుతుంది. అది పదిహేను రోజులవుతుంది. ఈలోగా లెక్కల్లో రెండు పాఠాలు దాటిపోతాయి. మాస్టారు అడిగితే పిల్లాడికి నామోషీ. మర్నాడు కడుపునొప్పి అంటాడు, ఇంట్లో కూడా ఎవరూ గట్టిగా అడగరు, ఎలాగూ ఐసు మోయడానికి ఒక మనిషి తక్కువగానే ఉన్నాడు. దసరా సెలవుల నాటికి "వాడికి చదువు అబ్బలేదండి" అనేస్తాం. అబ్బలేదన్న ఆ మాటను ఎవరూ తిరగేసి చూడరు. జూన్‌లో పోయిన ఆ పదిహేను రోజులు ఎవరికీ గుర్తుండవు.

అందుకే ఈ నాలుగు మాటలు. రేవులో బతికే వాళ్లకే అని కాదు, చెరువుల మీద మకాం ఉన్నవాళ్లకీ, కొబ్బరి తోటల్లో కూలికి వెళ్లేవాళ్లకీ, అమ్మ గల్ఫ్‌లో ఉన్న ఇళ్లకీ. చెరువులూ బోట్లూ ఉన్న షావుకార్లకు కూడా.

మన కోనసీమ బీదదేమీ కాదు. కొబ్బరి ఉంది, గోదావరి ఉంది, గల్ఫ్ సొమ్ము ఉంది. ముప్పయ్యేళ్లుగా రొయ్య వచ్చి కూర్చుంది. మొదట టైగర్ రొయ్య, తెల్లమచ్చల జబ్బు వచ్చి అది దెబ్బతిన్నాక, 2009 నుంచి అనుమతితో వచ్చిన వనామి. సఖినేటిపల్లి, మల్కిపురం వైపు ఏ రోడ్డున వెళ్లినా ఏరియేటర్ల చప్పుడు వినిపిస్తుంది. డబ్బు పెరిగితే పిల్లలు పనిలోకి వెళ్లడం దానంతటదే తగ్గిపోతుందని చాలామంది నమ్మకం. అందులో సగమే నిజం. ఊరు పెరిగేటప్పుడు పని కూడా పెరుగుతుంది, చేతులు చాలవు, కూలి రేటు పెరుగుతుంది. ఇంట్లో ఖాళీగా కనిపించే పన్నెండేళ్ల పిల్లాడి రోజుకు కూడా ఒక ధర పలుకుతుంది. ఆకలితో పనికి వెళ్లే పిల్లలు ఉన్నారు, కాదనను. కానీ ఆకలి లేని ఇళ్ల నుంచి, ఒక సెల్‌ఫోను కోసమో, బండి వాయిదా కోసమో, "ఊరికే తిరగడం కంటే నయం కదా" అనో వెళ్లేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వేగంగా ముందుకు పోతోందని దేశమంతా చెప్పుకున్న రోజుల్లోనే, 2001 జనాభా లెక్కల్లో, పనిచేసే పిల్లలు మన రాష్ట్రంలో 13 లక్షల 60 వేలకు పైగా తేలారు. మనకంటే ముందున్నది ఉత్తరప్రదేశ్ ఒక్కటే.

మరోలా జరిగిన చోటు కూడా ఉంది. వియత్నాంలోనూ మనలాంటి డెల్టాలే, వరీ రొయ్యలే. 1990లలో అక్కడి ప్రభుత్వం బియ్యం ఎగుమతులపై ఆంక్షలు సడలించింది. ధర పెరిగింది, పొలంలో పని పెరిగింది, పిల్లలకు దొరికే కూలి కూడా పెరిగింది. పిల్లలందరినీ పొలానికి తోలి ఉంటారనుకుంటాం. కానీ 1993 నుంచి 1998 మధ్య ఆ దేశంలో పిల్లల పని బాగా తగ్గింది. వడ్లు అమ్ముకున్న సొమ్ముతో రైతులు మొదట చేసిన పనుల్లో ఒకటి, పిల్లల్ని పని నుంచి తప్పించడం. పెరిగిన డబ్బు అక్కడా ఇక్కడా ఒకటే. దాన్ని ఎటు తిప్పాలన్నది ఇంట్లో తేలిన విషయం. చెరువు పండిన ఏడాది, వేట బాగా పడిన ఏడాది పిల్లాణ్ణి పనిలోంచి తీసేయడానికి వచ్చిన అదను. మనం చాలాసార్లు ఆ ఏడాదే ఇంకో చెరువు లీజుకు తీసుకుని, వాణ్ణి కాపలా పెడతాం.

ఇక్కడ ఒక పాత సంగతి. 1996 డిసెంబరు 10న సుప్రీంకోర్టు బాలకార్మికులపై ఒక పెద్ద తీర్పు ఇచ్చింది. ప్రమాదకరమైన పనుల్లో పిల్లల్ని పెట్టుకున్న ప్రతి యజమాని, ఒక్కో పిల్లకు 20 వేల రూపాయల చొప్పున వాళ్ల సంక్షేమ నిధికి కట్టాలని అందులో ఉంది. ఆ మర్నాడే, డిసెంబరు 11న, తీరం వెంబడి రొయ్యల చెరువులపై ఇంకో తీర్పు వచ్చింది. రెండు ధర్మాసనాల్లోనూ న్యాయమూర్తి కుల్దీప్ సింగ్ ఉన్నారు. రొయ్యల తీర్పు గురించి మన ఊళ్లలో ఏళ్ల తరబడి మాట్లాడుకున్నారు, ఢిల్లీ వెళ్లారు, కొత్త చట్టం తెప్పించుకున్నారు. ముందురోజు వచ్చిన తీర్పు సంగతి చాలామందికి తెలియనే తెలియదు.

తెలియదంటే చెల్లే రోజులు కూడా పోయాయి. మన రొయ్యకు పెద్ద గిరాకీ అమెరికాలో. 2024 మార్చిలో అక్కడి కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే సంస్థ, అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ, ఆంధ్ర రొయ్యల పరిశ్రమలో కూలీల పరిస్థితి మీద కథనాలు ప్రచురించాయి. వలుపు షెడ్లలో పిల్లల పని ప్రస్తావన అందులో ఉంది. ఎగుమతిదారులు ఖండించారు. ఆ వాదోపవాదాలు వాళ్లు చూసుకుంటారు. తల్లిదండ్రులుగా మనకు కావలసింది చేతుల సంగతి. గంటల తరబడి ఐసు నీళ్లలో రొయ్యల తలలు తీసే వేళ్లు ఎలా పాసిపోతాయో ఆ పని చేసిన తల్లులకు నేను చెప్పనక్కర్లేదు. ఆ వేళ్లతో మర్నాడు పిల్ల పెన్సిలు పట్టుకోవాలి. చెరువు గట్టున తడికాళ్లతో ఏరియేటరు వైరు దగ్గరకు రాత్రిపూట పెద్దవాళ్లే భయంభయంగా వెళతారు. అక్కడికి పదమూడేళ్ల వాణ్ణి టార్చిలైటిచ్చి పంపేటప్పుడు ఒక్క క్షణం ఆగండి.

అలాగని పిల్లలకు పనే చెప్పకూడదని నేననను. గంగపుత్రుడి బిడ్డకు నీటి పోటు, ఆటు, గాలి తీరు, మొగ దగ్గర ఇసుక మేట ఎక్కడ పడిందో తెలియడం ఒక విద్య. వల అల్లడం తెలిసిన వేళ్లు ఏ పనికైనా పనికొస్తాయి. అమ్మ వెంట ఎండు చేపలు తిరగేసే పిల్ల దగ్గర లెక్క కూడా ఉంటుంది, ఓర్పు కూడా ఉంటుంది. చట్టం కూడా దీన్ని కాదనదు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం, పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఎక్కడా పనిలో పెట్టుకోరాదంటుంది. బడి అయ్యాక, సెలవుల్లో, ప్రమాదం లేని సొంత ఇంటి పనికి సాయం చేస్తే తప్పు లేదంటుంది, చదువుకు అడ్డు రాకూడదన్న షరతుతో. పద్నాలుగు నుంచి పద్దెనిమిది లోపు వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. ఇక్కడ సొంత ఇంటి పని అన్న మాట గట్టిగా పట్టుకోండి. పక్కవాడి చెరువు మీద వేసవి కూలి, సెలవులైనా సరే, పన్నెండేళ్ల పిల్లకు చట్టప్రకారం కుదరదు.

చట్టం పుస్తకం పక్కన పెట్టి, మీ పిల్లాడు చేసేది సాయమా కూలా అన్నది ఇంట్లోనే తెలుసుకోవచ్చు. వాడు రేపు ఆ పని మానేస్తే ఎవరైనా మీ గుమ్మం ముందుకొచ్చి అడుగుతారా? అడిగితే అది కూలి. వాడి చేతి డబ్బు ఇంటి ఖర్చు లెక్కలోకి వచ్చేసిందా? వస్తే ఇక దాన్ని ఆపడం మీ చేతుల్లో ఉండదు. మధ్యాహ్నం తరగతిలో నిద్రపోతున్నాడా? ఇది మీకు తెలియదు, టీచరుకు తెలుసు. వెళ్లి అడగండి. ఈ మూడింటిలో డబ్బు సంగతి అన్నిటికంటే మోసకారిది. పిల్లాడు మొదటిసారి తెచ్చిన నోటు దేవుడి దగ్గర పెట్టి మురిసిపోతాం. రెండోది బియ్యంలోకి, మూడోది చీటీలోకి. చీటీ కట్టడం మొదలయ్యాక నెల తప్పకూడదు కదా, దాంతో వాడు పని తప్పకూడదు.

పిల్లాడి పేరు మీద అడ్వాన్సు మాత్రం ఎప్పటికీ తీసుకోకండి. చెరువు యజమాని మంచివాడే కావచ్చు, బోటు యజమాని మీ మేనమామే కావచ్చు. అప్పు మీది, తీర్చేది వాడు అయితే, వాడి బడి ఎప్పుడు మొదలవ్వాలో చెప్పేది అప్పిచ్చినవాడే. అవసరం వచ్చినప్పుడు డ్వాక్రా సంఘం ఉంది, స్త్రీనిధి ఉంది, వడ్డీ తక్కువ, పెద్దగా ఎవరికీ తలవంచనక్కర్లేదు. నిషేధం నెలల్లో మత్స్యకారులకు ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 10 వేల నుంచి 20 వేలకు పెరిగింది. 'తల్లికి వందనం' కింద, బడికి పోయే ఒక్కో పిల్లకు తల్లి ఖాతాలో ఏడాదికి 13 వేలు పడుతున్నాయి, హాజరు 75 శాతం ఉండాలి. నెలకు లెక్కేస్తే వెయ్యి చిల్లర. పిల్లాడి కూలి అంతకంటే ఎక్కువే వస్తుంది, అబద్ధం చెప్పను. కూలితో పోటీ పడేంత సొమ్ము ఏ పథకమూ ఇవ్వదు. పుస్తకాలు, చెప్పులు, సైకిలు మరమ్మతు లాంటి చిన్న ఖర్చుల వంకతో బడి ఆగకుండా ఉండటానికి మాత్రం ఈ 13 వేలు చాలు.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. ఎందుకంటే వాళ్ల పని ఎవరికీ కనిపించదు. మన కోనసీమ నుంచి ఎందరో తల్లులు కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లి, పరాయి ఇళ్లలో పనిచేసి, ఇక్కడ పిల్లల్ని చదివిస్తున్నారు. అమ్మ విమానం ఎక్కిన మర్నాడు పొద్దున్న పొయ్యి వెలిగించేది ఎవరు? చాలా ఇళ్లలో ఎనిమిదో తరగతి పిల్ల. తమ్ముడికి స్నానం, నాన్నమ్మకు మందు, నాన్నకు క్యారేజీ, ఇవన్నీ అయ్యాక బడికి వెళితే మొదటి పీరియడు అయిపోతుంది. అమ్మ వలుపుకో, పొలానికో వెళ్లే ఇళ్లలో కూడా అంతే, ఇంకా మాటలు రాని చెల్లి అక్క చంకలో ఉంటుంది. ఈ పిల్లను ఏ జనాభా లెక్కలోనూ కార్మికురాలని రాయరు. "మా అమ్మాయి ఎంత బుద్ధిమంతురాలో, ఇల్లంతా తనే" అని మనం మెచ్చుకుంటాం. ఆ మెప్పు కోసం పిల్ల ఇంకొంచెం ఎక్కువ మోస్తుంది. అయ్యా, ఇది తండ్రులకు చెబుతున్న మాట: అన్నం వండటం పెద్ద విద్యేమీ కాదు, బోటు మీద వండుకునేది మగవాళ్లే కదా. ఇంటి దగ్గర కూడా పొయ్యి ముట్టించండి. చిన్నవాళ్లను అంగన్‌వాడీకి పంపండి, దాని వేళలు ఇంటి అవసరానికి సరిపోకపోతే నలుగురు తల్లులు కలిసి వెళ్లి కార్యకర్తతో మాట్లాడండి. విదేశంలో ఉన్న అమ్మ ఫోన్ చేసినప్పుడు "అన్నం తిన్నావా" తర్వాత అడగాల్సిన ప్రశ్న, "ఈరోజు బడికి ఏ వేళకు చేరావు?" ఇల్లు ఎంతకీ కుదరకపోతే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు అక్కడే ఉండి చదువుకోవచ్చు. మధ్యలో బడి మానేసిన పిల్లలను ముందు చేర్చుకోవడానికే ఆ బళ్లు పెట్టారు.

చెరువు గట్ల మీద మకాం ఉండే కుటుంబాలది ఇంకో చిక్కు. వేరే మండలం నుంచో వేరే జిల్లా నుంచో మొగుడూ పెళ్లాం కాపలాకు వస్తారు, జీతం ఇద్దరికీ కలిపి. పిల్లలు గట్టు మీద పెరుగుతారు. మేత బస్తా విప్పడం, చెక్ ట్రే ఎత్తడం, ఇంజను ఆగితే నాన్నను లేపడం వాళ్ల పని. మాట కుదుర్చుకునేటప్పుడు జీతం ఎంత, బియ్యం ఎన్ని కేజీలు అని అడుగుతాం కదా, దాంతోపాటు బడి ఎంత దూరం, దారిలో కాలవ ఉందా, ఆటో వస్తుందా అని కూడా అడగండి. దూరమైతే పిల్లల్ని అమ్మమ్మ దగ్గరో గురుకులంలోనో ఉంచండి. మత్స్యకారుల పిల్లల కోసం ప్రత్యేకంగా గురుకుల పాఠశాలలు ఉన్నాయి. ఏడాది మధ్యలో వచ్చామని, టీసీ లేదని, పుట్టినతేదీ కాగితం లేదని ప్రభుత్వ బడిలో చేర్చుకోం అంటే ఒప్పుకోకండి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ వంకలేవీ చెల్లవు. రెండేళ్లు చదువు తప్పినా వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకుని, వెనకబడిన పాఠాలు చెప్పించాలి.

ఈ కాగితాల అడ్డంకి చిన్నదనుకోకండి. నెల్లూరులో పుట్టిన శాంతా సిన్హా గారు ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ తరఫున 1991 ప్రాంతంలో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో వెట్టి పిల్లల మధ్య పని మొదలుపెట్టారు. బీదతనం పోతే గానీ పిల్లలు బడికి రారని అప్పుడు అందరి మాట. ఆమెకు కనిపించింది వేరు. అక్షరం రాని తల్లిదండ్రులే పిల్లల చదువు కోసం అప్పులు చేశారు, ఇంటి పనులు తాము భుజాన వేసుకున్నారు. ఆపుతున్నవి చాలాసార్లు చిన్నవే: నింపడం రాని ఒక ఫారం, ఒక టీచరు విసురు మాట, పెద్ద వయసులో ఒకటో తరగతిలో కూర్చోవాలన్న సిగ్గు. వారధి శిబిరాల్లో కొన్ని నెలలు చదివించి పిల్లల్ని నేరుగా వయసుకు తగ్గ తరగతిలోకి పంపారు. ఆ ఫౌండేషన్ కృషితో బడికి చేరినవాళ్లు లక్షల్లో ఉన్నారు. 2003లో ఆమెకు రామన్ మెగసెసె పురస్కారం వచ్చింది. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది వాళ్ల నియమం. కఠినంగా అనిపిస్తుంది గానీ, పైన చెప్పిన ఎనిమిదో తరగతి పిల్లను చూశాక నాకు అదే సబబనిపిస్తుంది.

పదిహేనేళ్ల కుర్రాడు "నాకు చదువొద్దు, బోటెక్కుతా" అని మొండికేస్తే? కొట్టి పంపినా లాభం లేదు, వదిలేసినా లాభం లేదు. ముందు పదో తరగతి గట్టెక్కించండి, బడి ససేమిరా అంటే ఓపెన్ స్కూలులోనైనా. పది పాసైతే రెండేళ్ల ఫిషరీస్ డిప్లొమాకు దారి ఉంది. ఇంటర్ బైపీసీ చదివితే మత్స్యశాస్త్ర పట్టా చదువు ఉంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ట దాటితే నరసాపురం. ఆక్వా విశ్వవిద్యాలయానికి 2022 నవంబరులో శంకుస్థాపన జరిగింది అక్కడే. చేపల చదువు మన గుమ్మం ముందుకు వచ్చింది, అందులో కూర్చునేది మన పిల్లలో, ఎక్కడెక్కడి పిల్లలో ఇప్పుడు పదో తరగతిలో ఉన్నవాళ్లను బట్టి ఉంటుంది.

ఇంట్లో ఒక మాట మానుకోండి: "చదవకపోతే చెరువు మీదకు తోలేస్తా." పనిని శిక్షగా చూపిస్తే, రోజూ ఆ పనే చేసే తండ్రి పిల్లాడి కళ్లలో శిక్ష పడినవాడవుతాడు. అంతకంటే, ఆ రోజు మీకు వేటలో ఏం పడింది, కౌంటు ఎంత, ధర ఎంత, దళారీ ఎంత కోశాడు, ఇవి రాత్రి అన్నాల దగ్గర చెప్పండి. లెక్క వాడినే వేయమనండి.

ఇక ఉన్నవాళ్లకు. మీ పిల్లలు అమలాపురంలోనో భీమవరంలోనో కాన్వెంటుకు వెళతారు. మీ ఇంట్లో గిన్నెలు తోమే పిల్లకూ అదే వయసు. "మా ఇంట్లో కడుపునిండా తింటోంది, పండక్కి బట్టలు పెడుతున్నాం" అంటారు. నిజమే, పెడుతున్నారు. చట్టం ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లను పెట్టుకున్నవాళ్లకు ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా. కన్నవాళ్లను మాత్రం మొదటి తప్పుకు శిక్షించరు. శిక్ష సంగతి అలా ఉంచండి. సోఫాలో కూర్చుని హోంవర్కు చేసుకుంటూ, తన ఈడు పిల్లకు మంచినీళ్లు తెమ్మని పురమాయించడం మీ బిడ్డ నేర్చుకుంటోంది. ఏ కాన్వెంటూ దాన్ని తర్వాత మాన్పించలేదు.

వచ్చినవాళ్లకల్లా అన్నం పెట్టిన మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి కథ ఇంటింటా చెప్పుకునేదే. అంతర్వేది స్వామిని చూడాలని ఎన్నాళ్లకో బయలుదేరారట. దారిలో ఆకలని ఏడుస్తున్న పిల్లల్ని తల్లిదండ్రులు "కాస్త ఓర్చుకోండి, సీతమ్మగారింటికి చేరితే అన్నం దొరుకుతుంది" అని ఊరడించడం వినపడింది. దర్శనం మానుకుని వెనక్కి తిరిగి, వాళ్లకంటే ముందు ఇల్లు చేరి వండారట. ఇప్పుడు బళ్లలో మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టారు. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లోనూ ఆ భోజనం ఉంది. పిల్లల ఆకలి ముందు స్వామి దర్శనాన్నే వాయిదా వేసిన తల్లి ఊరు మనది. అంతర్వేదిలో భీష్మ ఏకాదశి తీర్థానికి, రథం లాగడానికి లక్షల జనం వచ్చినప్పుడు, అర్ధరాత్రి దాకా దుకాణాల దగ్గర బుడగలు, బొమ్మలు అమ్ముతూ కునికిపాట్లు పడే పిల్లలు కనిపిస్తారు. బేరమాడి కొనేసి వచ్చేయకండి. ఏ ఊరు, ఏ బడి అని ఒక మాట అడగండి.

మీ వీధిలో వారం పది రోజులుగా బడికి వెళ్లని పిల్ల ఉంటే ముందు ఆ ఇంటికి వెళ్లి మాట్లాడండి, ఫారం నింపడం దగ్గర ఆగిపోయారేమో చూడండి. మాటతో తేలకపోతే, ఎవరి చెరువు మీదో షెడ్డులోనో పిల్ల పనిచేస్తోందని తెలిస్తే, 1098కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు, రాత్రైనా పగలైనా పలుకుతారు, మీ పేరు చెప్పనక్కర్లేదు.